రాత్రి సైకిల్‌పై తిరుపతి: 1944 తరువాతి ఊరిని చూపించే యాత్ర

తిరుపతి చరిత్ర అనగానే మాట రామానుజుల దగ్గర మొదలై విజయనగర రాజుల దగ్గర ఆగిపోతుంది. రెండో ప్రపంచ యుద్ధం ముగుస్తున్న నాటి నుంచి ఈ ఊరు ఎలా విస్తరించిందో చెప్పేవారు అరుదు. ఆ భాగాన్నే చెప్పాలని స్థానిక యువకులు కొందరు రాత్రి భోజనాల వేళ దాటాక నడుపుతున్న సైకిల్ యాత్రలో ఇటీవల పాల్గొన్నాను. ఊరివారు తప్పక వెళ్లవలసిన యాత్ర ఇది.

వారి కథనమంతా 1944లో ప్రారంభమైన మొదటి ఘాట్ రోడ్డు చుట్టూ తిరుగుతుంది. అంతకుముందు కాలినడకనో డోలీలోనో కొండెక్కిన యాత్రికులు బస్సుల్లో వెళ్లడం మొదలుపెట్టాక, వారికి కావలసిన బస్సు స్టాండ్లు, సత్రాలు, హోటళ్లతో కింది ఊరి రూపమే మారిందని మార్గదర్శకుడు అలిపిరి దగ్గర వివరించారు. కొండ దిగే వాహనాలు నేటికీ ఆ పాత దారిలోనే వస్తాయి. ఎక్కేవి 1974లో వేసిన రెండో దారిన వెళతాయి. చీకట్లో ఒక వరుస దీపాలు మలుపులు తిరుగుతూ కిందికి దిగుతుంటే, ఆ దారి కొండను ఎలా చుట్టిందో పగటి కంటే స్పష్టంగా తెలుస్తుంది. ఈ యాత్రను రాత్రిపూట పెట్టడానికి ఎండ ఒక్కటే కారణం కాదని నాకు అక్కడే అర్థమైంది.

పాత వీధుల భాగం కూడా ఎంతో నచ్చింది. ఒక మేడ పిట్టగోడ మీద సిమెంటుతో పోసిన 1956 అనే అంకెలు, గుండ్రంగా తిరిగిన బాల్కనీ మూల, మెట్ల వైపు గోడకు అమర్చిన సిమెంటు జాలీ, ఆ జాలీలోంచి వీధిలోకి పడుతున్న గళ్లగళ్ల వెలుతురు: పగలు దుకాణాల బోర్డులు, జనం మధ్య ఇవేవీ కంటికి ఆనవు. ఇలాంటి ఇళ్లు ఒక్కొక్కటిగా కూలిపోతున్నాయి కనుక వాటి ఫొటోలనైనా భద్రపరచాలన్న మార్గదర్శకుడి మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను.

లోపమంతా సమయం కేటాయింపులో ఉంది. గోవిందరాజస్వామి గోపురం దగ్గర చాలాసేపు గడిపి, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాన్ని రోడ్డు మీది నుంచే చూపించి ముగించారు. 1937లో కోస్తా, రాయలసీమ నాయకులు కుదుర్చుకున్న శ్రీబాగ్ ఒడంబడికలో రాయలసీమకు విశ్వవిద్యాలయ కేంద్రంగా అనంతపురాన్ని పేర్కొంటే, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడాది, 1954లో, విశ్వవిద్యాలయం తిరుపతిలో వెలిసింది. 1945లో ఆర్ట్స్ కళాశాల, 1952లో పద్మావతి మహిళా కళాశాల, 1960లో వైద్య కళాశాల, ఇలా పదిహేనేళ్లలో యాత్రికుల ఊరు చదువుల ఊరు కూడా అయిన ఘట్టం ఇది. యుద్ధానంతర తిరుపతి అని పేరు పెట్టుకున్న యాత్రలో దీనికి అరగంటైనా దక్కాలి.

సైకిళ్లు బాగున్నాయి, హెల్మెట్లు శుభ్రంగా ఉన్నాయి. అయితే కొన్నింటికి వెనుక లైట్లు వెలగలేదు. రాత్రంతా బస్సులు, జీపులు తిరిగే ఊరిలో దీన్ని చిన్న విషయంగా వదిలేయకూడదు. గరుడ వారధి (మునుపటి శ్రీనివాస సేతు) వంతెన కింద స్తంభాల పక్కగా వెళ్లేటప్పుడు పిల్లలతో వచ్చినవారు ఇబ్బంది పడ్డారు. బయలుదేరే ముందే లైట్లు, బ్రేకులు మీరే చూసుకోండి. శనివారాలు, సెలవు రోజులు కాకుండా వారం మధ్యలో వెళితే రద్దీ తక్కువగా ఉండి, చెప్పేది వినడానికి వీలవుతుంది.