లేసుల చీలమండ బ్రేస్: ఒకసారి బెణికిన కాలికి మంచి కాపు

ఆటల్లో కాలు ఎక్కువగా లోపలికే మడత పడుతుంది. అప్పుడు ముందుగా దెబ్బతినేది బయటి వైపు ఫిబ్యులాను (పిక్క బయటి పక్క సన్నని ఎముక) టాలస్ (మడమ ఎముకకు పైనుండే ఎముక) ఎముకతో కలిపే ముందరి లిగమెంట్ (ఎముకలను కట్టి ఉంచే గట్టి తంతువు). లేసులతో బిగించే ఈ చీలమండ తొడుగు, అంటే బ్రేస్‌కు ఎనిమిది అంకెలా చుట్టే రెండు పట్టీల్లో, లోపలి వైపు మొదలై పాదం కింద నుంచి బయటి వైపు పైకి లాగే పట్టీయే దాన్ని కాచేది. ఆ పట్టీ వదులైతే బ్రేస్ ఉన్నా లేనట్టే.

సైజుకు పాదాన్ని 90 డిగ్రీల్లో ఉంచి, మడమ వెనక నుంచి చీలమండ ముందు మడత మీదుగా చుట్టుకొలత తీయాలి. మేజోడు మీదే వేయాలి, లేకపోతే చర్మం ఒరుసుకుపోతుంది. మడమ పూర్తిగా కూర్చున్నాక లేసులు కింద నుంచి బిగించాలి. పైన మాత్రమే గట్టిగా లాగితే వేళ్లకు తిమ్మిరెక్కుతుంది. ఆట మధ్యలో లేసులు సడలుతాయి, విరామంలో మళ్లీ బిగించండి. వెల్క్రోలో నూలుపోగులు చేరితే పట్టు పోతుంది, బ్రష్‌తో తీసేయాలి. బూటు బిగుతవడం దీని పెద్ద లోపం.

గతంలో బెణికినవాళ్లకు తప్పకుండా కొనమంటాను. అయితే పిక్క బయటి పక్కనుండే పెరోనియల్ కండరాల పని ఇది చేయదు. ఒంటికాలిపై 30 సెకన్లు, ఒక్కో కాలికి మూడుసార్లు నిలబడే సాధన కొనసాగించాలి.

కొత్తగా వాచిన కాలికి ఇది వేసి దయచేసి ఆడించకండి. నాలుగు అడుగులు వేయలేకపోయినా, చీలమండ గుబ్బ ఎముక వెనక అంచున నొక్కితే నొప్పి ఉన్నా ముందు ఎక్స్‌రే తీయించాలి.