"మోటారు కాలిపోయింది" అని అమ్మిన జింటీ: పదకొండేళ్ల తర్వాత

లెస్టర్‌లో ఒక పాత బొమ్మల సంతలో ఈ బొమ్మ రైలింజన్ని 18 పౌండ్లకు కొన్నాను. అట్టపెట్టె లేదు, ముందు కొక్కెం విరిగిపోయింది. బాయిలర్ మీద చీటీ మాత్రం ఉంది: మోటారు కాలిపోయింది, విడిభాగాలకు పనికొస్తుంది. అది జరిగి పదకొండేళ్లయింది. అదే మోటారు నిన్న రాత్రి కూడా మా అటక మీద మూడు రైలు పెట్టెల్ని లాగింది.

సంగతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇది ట్రయాంగ్ అనే బ్రిటిష్ బొమ్మల కంపెనీ వాళ్ల పాత జింటీ. ఓఓ గేజు, అంటే పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు. నడిచేది 12 వోల్టుల డీసీ మీద. చూడ్డానికి ఆవిరి ఇంజనే గానీ లోపల ఉన్నది కరెంటు మోటారు. అసలు జింటీలు బ్రిటన్‌లోని ఎల్ఎంఎస్ రైల్వే కోసం 1924 నుంచి 1931 దాకా 422 తయారయ్యాయి. యార్డులో పెట్టెల్ని అటూ ఇటూ తోసే, అంటే షంటింగ్ చేసే, ఆరు చక్రాల కూలీలవి. నా బొమ్మ కూడా ఆ బాపతే, సోకులేవీ లేవు.

దీంట్లో నాకు నచ్చింది ఎక్స్‌04 అనే మోటారు. మూత లేదు, డబ్బా లేదు. అడుగున స్క్రూ తీసి పైకప్పు ఎత్తితే కమ్యుటేటర్ (మోటారుతో పాటు తిరిగే రాగి ముక్కల చుట్టు), దానికి ఆనుకుని కరెంటందించే బొగ్గు ముక్కలైన బ్రష్‌లు, అయస్కాంతం అన్నీ కళ్లముందే ఉంటాయి. ఏది చెడిందో అదే చెబుతుంది, మనకు అడగడం రావాలంతే.

నేనడిగే పద్ధతి ఇది. కంట్రోలర్‌కీ పట్టాలకీ మధ్య కరెంటు ఎంత పోతోందో చూపే ఒక ఆమ్మీటరు పెడతాను. ఇంజను కదలకుండా ముల్లు సున్నా దగ్గరే ఉంటే కరెంటు లోపలికే పోవడం లేదు: చక్రాల మురికి, తెగిన వైరు, కమ్యుటేటర్‌ని తాకని బ్రష్. కదలదు గానీ మోటారు గుయ్‌మంటూ ముల్లు పైకి లేస్తే ఎక్కడో బిగుసుకుంది. శబ్దమే లేకుండా కంట్రోలర్ టక్కున ఆగిపోతే షార్ట్. స్క్రూడ్రైవర్ పట్టకముందే సగం పని అయిపోతుంది.

నాది మూడో రకం. చీటీ రాసినాయన అక్కడే ఆగి కాలిపోయిందని తేల్చేశాడు. తీసి చూస్తే కాలిన వాసనే లేదు. ఈ మోటారులో రెండు బ్రష్‌లనీ నొక్కిపట్టేది ఒకే స్ప్రింగ్, హెయిర్‌పిన్నులా రెండు కాళ్లతో ఉంటుంది. ఒక కాలికి సన్నటి గొట్టంలాంటి తొడుగు ఉండాలి. అది లేకపోతే కరెంటు తిరిగే తీగచుట్టలైన ఆర్మేచర్‌లోకి పోకుండా ఈ కాలి నుంచి ఆ కాలికి స్ప్రింగ్ మీదుగా దాటేస్తుంది. ఎవరో బ్రష్‌లు మార్చినప్పుడు ఆ తొడుగు పారేసుకున్నారు. పాత ఫోను చార్జర్ వైరు నుంచి ఆరు మిల్లీమీటర్ల తొడుగు ఒలిచి, స్ప్రింగ్ కాలికి ఎక్కించి, దాని కొనని బ్రష్ వెనక గాడిలో కూర్చోబెట్టాను. నాకైన ఖర్చు సున్నా. బండి ఒక్కసారి ఉలిక్కిపడి, మిక్సీలో శనగపప్పు వేసినట్టు చప్పుడు చేస్తూ బల్ల చివరిదాకా పరిగెత్తింది.

ఆ చప్పుడు సంగతి వేరే. అప్పట్లో ఎవరో ప్రేమ కొద్దీ నూనె పోసినట్టున్నారు, అది గట్టిపడి జిగురైపోయింది. నేను కుట్టుమిషన్ నూనె సీసా తెచ్చి దానిమీదే ఇంకో నాలుగు చుక్కలు వేస్తుంటే, కాజీపేట నుంచి వచ్చి మా ఇంట్లో ఉన్న మామగారు చెయ్యి పట్టుకుని ఆపారు. ఆయన లోకో షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. "అల్లుడా, ముందుగాల గా పాత నూనె తుడువు. కొత్తది పొయ్యుడు తర్వాత ముచ్చట" అన్నారు. చెవిపుల్ల మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసి తుడిస్తే నల్లటి తారు వచ్చింది. కమ్యుటేటర్‌లోని మూడు ముక్కల మధ్య సందుల్లో బొగ్గుపొడి కూరుకుపోయి ఉంది. అగ్గిపుల్ల మొన చెక్కి ఒక్కో సందూ గీరాను. ఇప్పుడు బేరింగు దగ్గర సూదిమొనతో ఒక్క చుక్క, అంతే. కమ్యుటేటర్ మీద నూనె పడనివ్వను.

ఇంత జాగ్రత్త నేర్చుకున్నవాడిని రెండో ఏడాది ఒక వెధవ పని చేశాను. పూర్తిగా విప్పితేనే శుభ్రమవుతుందని అయస్కాంతం కూడా ఊడదీసి రాత్రంతా బల్ల మీద వదిలేశాను. ఈ పాతకాలపు అయస్కాంతాలు ఇనుప చట్రం నుంచి విడిపోతే బలం పోగొట్టుకుంటాయి. తెల్లారి బిగిస్తే ఖాళీగా ఉన్నప్పుడు మునుపటికన్నా జోరుగా పోయింది. నేనేదో బాగుచేశానని మురిసిపోయాను. పెట్టెలు తగిలించగానే చతికిలబడింది. పది నిమిషాలకే చెయ్యి పెట్టలేనంత వేడి. ముల్లు 0.9 ఆంపియర్ల దగ్గర ఉంది. ఖాళీగా జోరు, బరువుకి నీరసం, ఒంటికి జ్వరం: ఈ మూడూ కలిస్తే అయస్కాంతమే అనుకోవచ్చు. తర్వాతి సంతలో మోటారు మొత్తాన్ని, విప్పకుండానే, అయస్కాంతానికి మళ్లీ బలమెక్కించే యంత్రంలో పెట్టించాను. ఇప్పుడు 0.4 దాటదు.

కుంటినడక ఒకసారి వచ్చింది, మా అబ్బాయి బల్ల మీంచి పడేసినప్పుడు. చక్రం ఒక చుట్టు తిరిగేసరికి ఒక్కసారి ఆగి మళ్లీ పోతోంది. చుట్టుకొకసారి కుంటితే చక్రాలదీ వాటిని కలిపే రాడ్లదీ గొడవ. ఆగకుండా గరగరలాడితే మోటారు తిరుగుడుని ఇరుసుకి అందించే మరలాంటి వార్మ్ గేరు చూడాలి. మోటారు తీసేసి చట్రాన్ని అద్దం పలక మీద వేలితో తోస్తే తెలిసిపోయింది: ఒక చక్రం ఇరుసు మీద కాస్త జరిగింది. ఎడమ క్రాంకుకీ (చక్రానికి రాడ్డు తగిలే చోటు) కుడి క్రాంకుకీ మధ్య 90 డిగ్రీలుండాలి, మూడు ఇరుసులకీ ఒకే తీరుగా. కంటితోనే సరిచేశాను, రెండు సాయంత్రాలు పట్టింది.

ఇక లోపాలు. నెమ్మదిగా నడవడం దీనికి చేతకాదు. ఆర్మేచర్‌కి మూడే పోల్స్ (తీగ చుట్టిన కొమ్ములు) కాబట్టి వేగం బాగా తగ్గిస్తే కప్పలాగా ఎగిరెగిరి పోతుంది. షంటింగ్ ఇంజనుకి షంటింగే రాకపోవడం నాకిప్పటికీ నవ్వొచ్చే విషయం. కొత్త మోడళ్లు ఆ పని వెన్నలా చేస్తాయి. కానీ నా దగ్గరున్న కొత్తదాని మోటారు పోతే అందులో బ్రష్ మార్చే దారి లేదు, మోటారే మార్చాలి. దీనికి బ్రష్‌లు, స్ప్రింగులు ఇప్పటికీ ఏ సంతలోనైనా దొరుకుతాయి.

పాత ఇంజన్లు కొనబోయేవాళ్లు మోటారు తిరుగుతుందా లేదా అన్నదాని గురించి బేరంలో బెంగపడొద్దు, ధర తగ్గించుకోవడానికి వాడుకోండి. చూడాల్సింది పోత చట్రం. పాత జింకు పోతల్లో సీసం లాంటి కల్తీ కలిస్తే లోహం లోలోపలే ఉబ్బి పగుళ్లిస్తుంది. చట్రం వంకరపోయినా, సన్నటి బీటలు కనిపించినా అక్కడే పెట్టేసి రండి, దానికి మందు లేదు.

ముందు కొక్కెం ఇంకా విరిగే ఉంది. పెట్టెలు వెనకే తగిలిస్తున్నాను.