కోరంగి మడ అడవిలో వాచర్‌కే ఎక్కువ మార్కులు

కాకినాడ దగ్గర కోరంగిలో చెక్క వంతెన బాగుంది సరే, కానీ నా మార్కులన్నీ మాతో నడిచిన, అడవికి కాపలా ఉండే వాచర్ గారికే. ఆటు టైముకి వెళ్లాం, నీళ్లు తీసేసి బురదలోంచి వేర్లు మేకుల్లా పైకి లేచి ఉంటే, ‘ఇయ్యేనండి చెట్టుకి ముక్కులు, గాలి వీటితోనే పీలుస్తాది’ అన్నారు. ఇంకోచోట వంగి బురదలో గుండ్రటి అడుగు చూపించారు, రాత్రి బావురుపిల్లి చేపల కోసం దిగిందట! పిల్లి కనబడలేదని మావాడు అలిగాడు, అది వేరే సంగతి.

ఇలాంటివాళ్ల వెనక ఎవరైనా ఉంటారా అని వెతికితే, ఇంగ్లండ్-వేల్స్, స్కాట్లాండ్, అమెరికా రేంజర్ల (అంటే అడవులు, పార్కులు కాపలా కాసేవాళ్ల) సంఘాలు కలిసి 1992లో మొదలుపెట్టిన అంతర్జాతీయ రేంజర్ల సమాఖ్య కనబడింది. జులై 31న రేంజర్ల దినం కూడా ఉంది. మధ్యాహ్నం మాత్రం వెళ్లకండి, ఉక్క చంపేస్తుంది.