టో దగ్గర వంగిన స్టిక్: వింగర్‌గా మెచ్చినదాన్నే డిఫెన్స్‌లో పక్కన పెట్టాను

ఐస్ హాకీ స్టిక్ ఎంపిక గురించి మాట మొదలైతే చాలామంది ఫ్లెక్స్ (కర్ర ఎంత బిగువుగా ఉందో చెప్పే అంకె) దగ్గరో, పొడవు దగ్గరో ఆగిపోతారు. ఆ లెక్కలు ఆడేవారందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి పోవడం లేదు. నేను కొన్ని సీజన్లుగా వాడుతున్నది కార్బన్ ఫైబర్‌తో ఒకే ముక్కగా చేసిన స్టిక్. ఫ్లెక్స్ 75, కిక్ పాయింట్, అంటే కొట్టేటప్పుడు కర్ర ఎక్కువగా వంగే చోటు, షాఫ్ట్ (పొడవాటి కర్ర) కింది భాగంలో ఉంటుంది. బ్లేడు వంపు మాత్రం ఆటగాళ్లు పీ28 అని పిలుచుకునే రకం. షాఫ్ట్‌కు కలిసే హీల్ నుంచి చాలా దూరం పెద్దగా వంగకుండా వచ్చి, బ్లేడు కొస అయిన టో దగ్గరికి చేరాక గట్టిగా వంగుతుంది, అక్కడ బ్లేడు ముఖం కూడా పైకి వాలి ఉంటుంది. ఈ సమీక్ష అంతా ఆ వంపు గురించే, ఎందుకంటే ఈ స్టిక్ మీద నాకున్న ఇష్టానికీ కోపానికీ కారణం అదే.

ముందు ఇష్టం సంగతి చెబుతాను. నేను వింగ్‌లో, అంటే పక్క నుంచి దాడి చేసే ఫార్వర్డ్‌గా, ఆడినంత కాలం ఇంతకంటె నాకు నప్పిన స్టిక్ మరొకటి దొరకలేదు. డిఫెండర్ మీదికి వస్తున్నప్పుడు పక్‌ను (ఆటలో కొట్టే రబ్బరు బిళ్లను) టోతో కాళ్ల వైపు లాక్కుని, అక్కడి నుంచే వదిలితే, పక్‌ను వెనక్కి తీసుకుని బ్లేడు పొడవునా దొర్లించవలసిన పని లేకుండానే షాట్ వెళ్లిపోతుంది. షాఫ్ట్ కూడా బ్లేడుకు దగ్గరగానే వంగుతుంది కనుక పెద్దగా బరువు మోపకుండా, మణికట్టు విదిలింపుతోనే పని జరుగుతుంది. గోలీ ముందు ఊపిరాడని గుంపులో, అతని ప్యాడ్‌కూ నాకూ మధ్య అడుగు దూరం కూడా లేనప్పుడు పక్‌ను పైకి లేపి క్రాస్‌బార్ కిందికి పంపడం ఇదివరకటి స్టిక్‌తో నాకు సాధ్యమయ్యేది కాదు. దీనితో అది అలవాటైపోయింది. డ్రెస్సింగ్ రూమ్‌లో అడిగినవారికీ అడగనివారికీ ఇదే కొనమని చెప్పేవాణ్ణి.

ఆ తరువాత జట్టులో డిఫెండర్లు తక్కువై నన్ను వెనక్కి పంపారు. స్టిక్ మారలేదు, నేను నిలబడే చోటు మాత్రం మారింది.

ఒక గోల్ ఆధిక్యంలో ఉన్నాం, ఆట చివరి నిమిషాల్లో ఉంది. ప్రత్యర్థులు మా జోన్‌లోకి విసిరిన పక్ మా నెట్ వెనక నుంచి రింక్ చుట్టూ ఉండే బోర్డుల వెంట చుట్టుకుని, అంచు మీద నిలబడి దొర్లుతూ నా ఫోర్‌హ్యాండ్ వైపు వచ్చింది. ఒక ఫార్వర్డ్ అప్పటికే నా భుజం మీదికి వచ్చేశాడు. బోర్డుల పైనున్న గాజు గోడలో సగం ఎత్తుకు కొట్టి, మా జోన్ హద్దు అయిన బ్లూ లైన్ దాటించడం అక్కడ ఏ డిఫెండరైనా చేసే పని. నేనూ అదే చేశాను. కానీ పక్ నేను తాకించిన చోట ఆగక బ్లేడు మీదుగా జారి టోను చేరింది, పార మీది మట్టి ఎగిరినట్లు లేచి, గాజు గోడ పైనుంచి ప్రేక్షకుల వైపు వెళ్లిపోయింది. రెఫరీ చెయ్యి పైకి లేచింది. సొంత జోన్ నుంచి పక్‌ను ఎవరికీ తగలకుండా నేరుగా గాజు మీదుగా బయటికి పంపితే రెండు నిమిషాల పెనాల్టీ. ఉత్తర అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ 2005-06 సీజన్ నుంచి ఆటగాళ్లందరికీ వర్తింపజేసిన ఆ నిబంధన మా లీగ్‌లోనూ ఉంది. ఉద్దేశం ఏమిటని అక్కడ ఎవరూ అడగరు. నేను పెనాల్టీ బాక్సులో కూర్చుని ఉండగానే వారు పవర్ ప్లేలో, అంటే మాకు ఒకరు తక్కువైన సమయంలో, స్కోరు సమం చేశారు.

ఒక్కసారే అయితే దురదృష్టం అని వదిలేసేవాణ్ణి. ఆ సీజన్‌లోనే ఇంకోసారి ఇదే జరిగింది, గాజు అంచుకు తగిలి అదృష్టవశాత్తు లోపలికి పడినవి వేరే. అప్పుడు గమనించడం మొదలుపెడితే మిగతావీ కనిపించాయి. ప్రత్యర్థి జోన్ బ్లూ లైన్ దగ్గరి నుంచి కొట్టే షాట్ మోకాలికంటె కిందుగా వెళితేనే గోలీ ముందున్న మనవాళ్లు స్టిక్ అడ్డుపెట్టి దారి మళ్లించగలరు. నా షాట్లు వారి నడుము ఎత్తున వెళుతుండేవి, అందుకు వారు నన్ను తిట్టని ఆట లేదు. బ్యాక్‌హ్యాండ్ పాస్ మరీ ఇబ్బంది: వెనక వైపు ఉబ్బెత్తుగా ఉన్న చోట పక్ కుదురుగా నిలవదు, టో వైపు జారిపోతుంది.

బ్లేడు అడుగున టేప్‌ను చూస్తే మరో సంగతి అర్థమైంది. వింగ్‌లో ఆడేటప్పుడు టేప్ మధ్య భాగంలో సమంగా అరిగేది. డిఫెన్స్‌లోకి వచ్చాక హీల్ దగ్గర దారాలు తేలి, టో వైపు మాత్రం కొత్తగా చుట్టినట్లే ఉండేది. హీల్ దగ్గర మాత్రమే అరిగిందంటే ఆ స్టిక్ లై (షాఫ్ట్‌కూ బ్లేడుకూ మధ్య కోణాన్ని చెప్పే అంకె) మన భంగిమకు ఎక్కువైందని లెక్క. వెనక్కి స్కేటింగ్ చేస్తూ పోక్ చెక్ (ప్రత్యర్థి దగ్గరున్న పక్‌ను స్టిక్‌తో పొడిచి తప్పించడం) కోసం చేతులు కిందికి దించి స్టిక్‌ను బాగా ముందుకు చాచడం వల్ల టో మంచు మీద నుంచి లేస్తోంది. గట్టిగా వచ్చిన పాస్‌లు ఆ సందులో నుంచి దూరిపోవడం కూడా అప్పుడే మొదలైంది.

వంపు మీద నిబంధనలు లేకపోలేదు. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఇప్పుడు ముప్పావు అంగుళం వరకు అనుమతి ఉంది. 1993 స్టాన్లీ కప్ ఫైనల్ రెండో ఆటలో మాంట్రియల్ కోచ్ కోరిక మీద లాస్ ఏంజెలిస్ ఆటగాడు మార్టీ మెక్‌సోర్లీ స్టిక్‌ను కొలిచి, వంపు మించిందని పెనాల్టీ ఇచ్చారు. ఆ పవర్ ప్లేలో ఎరిక్ దేజార్డెన్ స్కోరు సమం చేసి, ఓవర్‌టైమ్‌లో గెలిపించాడు కూడా. అయితే ఆ కొలత చెప్పేది వంపు లోతు గురించే. నా స్టిక్ ఆ హద్దులోపలే ఉంది. నన్ను బాక్సులో కూర్చోబెట్టింది లోతు కాదు, వంపు ఉన్న చోటూ, ముఖం వాలూ.

సర్దుకోవడానికి చూడకపోలేదు. కొట్టేటప్పుడు పై చేతి మణికట్టును తిప్పి బ్లేడు ముఖాన్ని కిందికి వాల్చడం, పక్‌ను హీల్‌కు దగ్గరగా తాకించడం కొంతవరకు పనిచేశాయి. తీరిక ఉన్నప్పుడు రెండూ చక్కగా కుదురుతాయి. భుజం మీద మనిషి ఉన్నప్పుడు మాత్రం చెయ్యి తన పాత అలవాటే చూసుకుంటుంది.

మన్నిక విషయంలో పెద్ద ఫిర్యాదు లేదు. షాఫ్ట్ కింది భాగంలో దెబ్బల గాట్లు పడినా ఇప్పటివరకు విరగలేదు. టో కొస కొద్దిగా చిట్లింది, కొత్తలో ఉన్న బిగువు ఇప్పుడు బ్లేడులో లేదు. ఇంత వాడాక అది సహజమే అనుకుంటున్నాను.

ప్రస్తుతం డిఫెన్స్‌కు పీ88 వంపున్న, లై తక్కువైన, ఫ్లెక్స్ 85 స్టిక్ వాడుతున్నాను. వంపు బ్లేడు మధ్యలో ఉంటుంది, ముఖం అంతగా తెరుచుకోదు. పక్ చెప్పిన మాట వింటుంది, కాని గోలీ ముందు ఆ చటుక్కున లేచే షాట్ పోయింది. పవర్ ప్లేలో నన్ను నెట్ ముందుకు పంపిన రోజున పాతదాన్నే తీసుకెళతాను. నెట్‌కు దగ్గరగా తిరుగుతూ, ఫోర్‌హ్యాండ్ మీదే ఎక్కువగా ఆధారపడే ఫార్వర్డ్‌కు టో వంపును ఇప్పటికీ నిస్సంకోచంగా చెబుతాను. డిఫెండర్లకు చెప్పను, అయితే నా మణికట్లు అంత బలమైనవి కావు, బరువు కూడా తక్కువే; ముఖాన్ని వాల్చి కొట్టడం సహజంగా వచ్చినవారికి ఈ బాధ ఉండకపోవచ్చు. తోటి ఆటగాడి స్టిక్ అడిగి తీసుకుని చూసేవారు నాలుగు షాట్లు గోలీ మీదికి కొట్టి తిరిగి ఇచ్చేయకుండా, మీ జోన్ మూల నుంచి బోర్డుల వెంట దొర్లి వచ్చే పక్‌ను గాజు మీదుగా పోకుండా బయటికి కొట్టగలుగుతున్నారో లేదో కూడా చూడండి.