డబ్బు తీసుకున్న తరువాత: నాకు నచ్చిన, నచ్చని ఆటల తయారీదారులు

2007 వేసవి సెలవులలో, కడప ఏడు రోడ్ల కూడలికి దగ్గరలో ఉన్న ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో గంటకు 20 రూపాయలు చెల్లించి నేను మొదటిసారి కంప్యూటర్‌లో క్రికెట్ ఆడాను. అప్పటి నుంచి నేటి వరకు ఆటలు ఆడుతూనే ఉన్నాను. మొదట సెంటర్‌లో, తరువాత 2013లో కొన్న పాత కంప్యూటర్‌లో, ఉద్యోగం వచ్చాక కొనుక్కున్న మరో కంప్యూటర్‌లో. ఇన్నేళ్లలో ఏ ఆట గొప్పది అన్న విషయంలో నా అభిప్రాయం చాలాసార్లు మారింది. ఏ తయారీ సంస్థ మంచిది అన్న విషయంలో మాత్రం ఒకే కొలమానం స్థిరపడింది. మన దగ్గర డబ్బు తీసుకున్న తరువాత ఆ సంస్థ ఏం చేసింది అన్నదే ఆ కొలమానం. ఈ సమీక్షను దానితోనే రాస్తున్నాను.

నాకు అన్నిటికంటే ఎక్కువగా నచ్చిన సంస్థ చెక్ దేశ రాజధాని ప్రాగ్‌లో ఉన్న ఎస్‌సీఎస్ సాఫ్ట్‌వేర్. ఈ సంస్థ 2012 అక్టోబరులో విడుదల చేసిన యూరో ట్రక్ సిమ్యులేటర్ 2ను నేను 2014లో కొన్నాను. ఐరోపా రోడ్ల మీద సరుకు లారీ నడుపుతూ, సంపాదించిన డబ్బుతో సొంత లారీ, ఆ తరువాత సొంత గ్యారేజీ ఏర్పాటు చేసుకోవడమే ఈ ఆట. పోరాటం లేదు, శత్రువు లేడు, కథ కూడా లేదు. నా స్నేహితులలో సగం మంది పది నిమిషాలు చూసి లేచిపోయారు. నేను మాత్రం పదేళ్లకు పైగా ఆడుతున్నాను, ఈ పదేళ్లలో ఆ ఆట ఎప్పుడూ పాతబడలేదు. అందుకు కారణం సంస్థ పనితీరే. కొత్త దేశాల పటాలను విడిగా అమ్ముతారు: 2015లో స్కాండినేవియా, 2017లో ఇటలీ, 2021లో ఐబీరియా, 2023లో పశ్చిమ బాల్కన్ దేశాలు వచ్చాయి. అయితే ఏ పటమూ కొనని వ్యక్తికి కూడా వెలుతురు, వర్షం, శబ్దం, కొత్త లారీలు ఉచితంగానే అందుతూ వచ్చాయి. తొలినాళ్లలో తయారైన జర్మనీ రోడ్లను వారే మళ్లీ కొత్తగా నిర్మించి, ఎవరి దగ్గరా పైసా తీసుకోకుండా ఇచ్చారు. 2016లో వచ్చిన అమెరికన్ ట్రక్ సిమ్యులేటర్ పటం మరీ చిన్నదిగా ఉందని ఆటగాళ్లు అన్నప్పుడు, అదే ఏడాది చివరలో మొత్తం పటం కొలతను (నిజమైన దూరాలతో పోలిస్తే) 1:35 నుంచి 1:20కి పెంచారు. అమ్మిన సరుకును వెనక్కి తీసుకొని బాగుచేసి తిరిగి ఇచ్చే వ్యాపారిని మన బజారులో ఎంత మందిని చూశాం?

ఈ ఆట విలువ నాకు పూర్తిగా తెలిసింది మా చిన్నాయన వల్ల. ఆయన ముప్పై ఏళ్లు లారీ నడిపారు. కడప బండలు వేసుకొని రాయచోటి, మదనపల్లె మీదుగా బెంగళూరుకు వెళ్లడం ఆయన నిత్యకృత్యం. 2018 సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు, బ్రిటన్‌లో మనలాగే రోడ్డుకు ఎడమ వైపున నడుపుతారు కాబట్టి, లండన్ నుంచి కార్డిఫ్‌కు ఒక లోడు తీసుకొని స్టీరింగు ఆయనకు అప్పగించాను. ఆయన ముందుగా చూసింది రోడ్డును కాదు, అద్దాలను. వెనుక ట్రైలరు మూల ఎంత వరకు కనిపిస్తుందో రెండు వైపులా చూసుకొని, "అద్దాలు సరిగ్గా పెట్టినార్రా" అన్నారు. మూడో రోజు ఆల్ప్స్ కొండల్లో ఇన్స్‌బ్రుక్ వైపు బరువైన లోడుతో దిగుతూ నేను బ్రేకు నొక్కి పట్టుకుంటే చేయి అడ్డం పెట్టారు. "గువ్వలచెరువు ఘాటులో ఇట్ల బ్రేకు తొక్కుకుంటా దిగితే లైనర్లు కాలిపోతాయి నాయనా, గేర్ల మీద దించల్ల" అన్నారు. ఆటలో ఇంజన్ బ్రేకు ఉందని చూపించాను. గేరు తగ్గించి, ఇంజన్ బ్రేకు వేసి, కాలు పెడలు మీద పెట్టకుండా ఆ కొండ మొత్తం దించారు. బరువు, వాలు, గేరు ఈ మూడింటి లెక్క ఆయన ముప్పై ఏళ్ల అనుభవానికి సరిపోయింది. నిద్ర చాలనప్పుడు ఆటలోని డ్రైవరు ఆవులించి, కళ్లు మూతపడి తెర ఒక్క క్షణం నల్లబడినప్పుడు ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తయారీదారులకు ఆ వృత్తి పట్ల ఉన్న గౌరవానికి అంతకు మించిన ప్రశంసాపత్రం అవసరం లేదని నా నమ్మకం. కొనదలచిన వారికి ఒక్క మాట: పటాలన్నీ ఒకేసారి కొంటే ఖర్చు చాలా అవుతుంది, మూల ఆటతో మొదలుపెట్టి, రాయితీ రోజులలో ఒక్కొక్కటిగా కొనుక్కోండి.

రెండవ స్థానం సంస్థకు కాక ఒక వ్యక్తికి ఇవ్వాలి. అమెరికాలో సియాటిల్ ప్రాంతానికి చెందిన ఎరిక్ బారోన్, కన్సర్న్‌డ్ ఏప్ అనే పేరుతో సుమారు నాలుగున్నరేళ్లు ఒంటరిగా పనిచేసి, బొమ్మలు, సంగీతం, సంభాషణలు, ప్రోగ్రామింగు అన్నీ తానే చేసి 2016 ఫిబ్రవరి 26న స్టార్‌డ్యూ వ్యాలీని విడుదల చేశారు. తాత వదిలి వెళ్లిన బీడు పొలాన్ని మనుమడు సాగులోకి తెచ్చుకోవడం ఇందులోని విషయం. 2024 చివరికి 4 కోట్ల 10 లక్షల ప్రతులు అమ్ముడైన ఈ ఆటకు ఆయన 2020 డిసెంబరులో ఒక పెద్ద దీవిని, 2024 మార్చిలో మరెన్నో చేర్పులను పూర్తిగా ఉచితంగా ఇచ్చారు. నేను ఒక్కసారి చెల్లించిన కొద్దిపాటి ధర తరువాత ఆయన నన్ను ఇంకేమీ అడగలేదు. ఆటలో ఏ మూలా కొనుగోలు బొత్తం లేదు.

మా ఊరు పులివెందుల వైపు. మాకు చీనీ (బత్తాయి) తోట ఉండేది. బోరు ఎండిపోయిన ఏడాది ట్యాంకర్లతో నీళ్లు పోసి చెట్లను బతికించుకోవడానికి మా నాన్న పడిన పాట్లు నేను చూశాను. అందుకే ఈ ఆటలో నారింజ మొక్క నాటి, అది నీళ్లు పోయకపోయినా 28 రోజులకు చెట్టయి, వేసవి అంతా రోజుకొక పండు ఇస్తుంటే మొదట కొంత ఇబ్బందిగా అనిపించింది. మా దగ్గర చీనీ కాపుకు రావడానికే నాలుగైదేళ్లు పడుతుంది. కానీ ఆడే కొద్దీ, బారోన్ వ్యవసాయాన్ని తేలిక చేసి చూపినా చిన్నబుచ్చలేదని అర్థమైంది. మొక్క చుట్టూ ఎనిమిది గడులు ఖాళీగా ఉంచకపోతే అది పెరగదు. రుతువు మారితే, ఆ రుతువుకు చెందని పంట ఒక్క రాత్రిలో ఎండిపోతుంది. ఏది ఎప్పుడు విత్తాలో ముందుగా ఆలోచించుకున్నవారికే చేతికి వస్తుంది. ఆటలోని టీవీలో రేపటి వాతావరణం చెబుతారు, వాన అంటే వాన పడుతుంది. మా నాన్నకు ఈ సంగతి చెప్పినప్పుడు "అట్లాంటి టీవీ మనకుంటే ఎంత బాగుండు" అని ఆశగా అన్నారు.

మరో విషయం మా ప్రాంతం వారికి ముఖ్యమైనది. వేసవి మధ్యాహ్నాలలో మా వీధిలో కరెంటు చెప్పకుండా పోతుంది, నా దగ్గర ఇన్వర్టరు లేదు. స్టార్‌డ్యూలో రాత్రి పడుకున్నప్పుడే ఆట సేవ్ అవుతుంది. ఆటలో ఒక రోజు మన గడియారంలో పదిహేను నిమిషాల లోపే కాబట్టి, కరెంటు పోయినా నష్టపోయేది ఒక్క రోజు. జపాన్‌కు చెందిన ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ మీద నాకున్న గౌరవానికి కూడా ఇదొక కారణం. వారి డార్క్ సోల్స్, 2022లో వచ్చిన ఎల్డెన్ రింగ్ ఎంత కఠినమైనవో అందరికీ తెలుసు. కానీ ఆ ఆటలు మనం చేసిన ప్రతి పనినీ వెంటవెంటనే నమోదు చేసుకుంటూ ఉంటాయి. కరెంటు వచ్చాక మళ్లీ తెరిస్తే దాదాపు నిలిచిన చోటే నిలబడి ఉంటాము. కఠినంగా ఉండడం వేరు, ఆటగాడి కాలాన్ని వృథా చేయడం వేరు. ఈ తేడా వారికి తెలుసు.

నేను మొదట ఆడిన క్రికెట్ ఆటను మరువలేను. 2006 చివరలో ఈఏ స్పోర్ట్స్ పేరు మీద వచ్చిన క్రికెట్ 07ను తయారుచేసింది కెనడాకు చెందిన హెచ్‌బీ స్టూడియోస్. క్రికెట్ పెద్దగా ఆడని దేశంలోని వారు చేసిన ఆటను మన దేశంలో ఇన్నేళ్లు ఆడుకోవడం ఆశ్చర్యమే. మన జట్టుకు అసలు పేర్లు వాడే హక్కులు లేకపోవడంతో, సెంటర్‌లో మా మొదటి పని మన ఆటగాళ్ల పేర్లు సరిదిద్దడం. ఈఏ స్పోర్ట్స్ తరువాత ఆ వరుసను కొనసాగించలేదు. అయినా అభిమానులు కొత్త జట్లు, కొత్త దుస్తులు, ఐపీఎల్ మైదానాలు చేర్చుకుంటూ ఆ ఆటను నేటికీ బతికిస్తున్నారు. ఆట మొత్తం మన డిస్కులోనే ఉండడం వల్లనే ఇది సాధ్యమైంది.

ఇక నచ్చనివారు. ఒక మొబైల్ ఆటల సంస్థను నేను క్షమించలేకపోతున్నాను. పేరు రాయను. ఊరు కట్టుకునే వారి ఆటను మా అక్క కొడుకు తొమ్మిదేళ్ల వయసులో ఆడేవాడు. ఒక గోడ కట్టడానికి ఎనిమిది గంటలు వేచి ఉండాలి, లేదా రత్నాలు కొనాలి. తెల్లవారుజామున అయిదు గంటలకు "నీ ఊరు ప్రమాదంలో ఉంది" అని ఫోను మోగేది, పిల్లవాడు ఉలిక్కిపడి లేచేవాడు. ఒక ఆదివారం వాడు అక్క ఫోనులో 2,400 రూపాయల రత్నాలు కొన్నాడు. తిరిగి ఇవ్వమని మూడుసార్లు రాస్తే మూడుసార్లూ ఒకే యాంత్రిక జవాబు వచ్చింది. డబ్బు కంటే నన్ను ఎక్కువగా బాధించింది ఆ ఆట నిర్మాణం. నిరీక్షణను ముందు తయారుచేసి, ఆ నిరీక్షణ నుంచి విడుదలను అమ్మడం ఆట తయారీ అనిపించుకోదు. కొన్ని ఆటలు, లోపల ఏముందో చెప్పకుండా అదృష్టం మీద ఆధారపడే పెట్టెలను కూడా అమ్ముతాయి; అటువంటి అమ్మకాలలో కొన్ని జూదం కిందికే వస్తాయని బెల్జియం దేశపు జూద నియంత్రణ సంస్థ 2018లో తేల్చింది. మన దేశంలో పిల్లల ఆటల విషయంలో అంత స్పష్టత రావాలని గట్టిగా కోరుకుంటున్నాను.

నేను ఆడకపోయినా దూరం నుంచి గమనించి కలత చెందిన సంగతి మరొకటుంది. యూబీసాఫ్ట్ ప్రచురణలో 2014లో వచ్చిన ది క్రూ అనే కార్ల ఆటను 2024 మార్చి 31న సర్వర్లు ఆపివేసి మూసివేశారు. ఒంటరిగా ఆడేవారికి కూడా సర్వర్ తప్పనిసరి కావడంతో, డబ్బు పెట్టి కొన్నవారి చేతిలో ఏమీ మిగలలేదు. కొన్న ఆటలను ఇలా ఆడలేని స్థితిలో వదిలేయవద్దని ఈ సంఘటన తరువాత ఐరోపాలో మొదలైన ఉద్యమానికి 2025 జూలై నాటికి 10 లక్షల సంతకాలు దాటాయి. 2006 నాటి క్రికెట్ ఆట నడుస్తుండగా 2014 నాటి కార్ల ఆట మాయమైందంటే, అది సాంకేతిక లోపం కాదు, తయారీ సమయంలోనే తీసుకున్న నిర్ణయం.

పోలండ్‌కు చెందిన సీడీ ప్రాజెక్ట్ రెడ్ గురించి నా తీర్పు రెండు భాగాలుగా ఉంటుంది. 2015లో వచ్చిన విచర్ 3కి 16 చిన్న చేర్పులను ఉచితంగా ఇచ్చిన ఆ సంస్థే, 2020 డిసెంబరులో సైబర్‌పంక్ 2077ను పూర్తికాని స్థితిలో విడుదల చేసింది. సోనీ తన దుకాణం నుంచి దానిని కొన్ని నెలలు తొలగించింది. మూడేళ్లు శ్రమించి 2023 సెప్టెంబరులో 2.0 అప్‌డేట్‌తో ఆటను నిలబెట్టారు. నేను ఆ తరువాతే కొన్నాను, తృప్తిగా ఆడాను. బ్రిటన్‌లోని హలో గేమ్స్ కూడా 2016లో నో మ్యాన్స్ స్కై ఆటలో ముందు చెప్పినవన్నీ లేవని మాట పడి, అప్పటి నుంచి ఏటేటా ఉచిత చేర్పులతో ఆ మాటను తుడుచుకుంటూ వచ్చింది. తప్పు దిద్దుకున్నవారిని నేను గౌరవిస్తాను, కానీ విడుదల రోజున డబ్బు కట్టినవారు మోసిన బరువును కూడా లెక్కలోంచి తీసివేయను. ఈ రెండు సంస్థల కొత్త ఆటలు వస్తే ఏడాది ఆగి కొంటాను. ఎస్‌సీఎస్ నుంచి, బారోన్ నుంచి ఏది వచ్చినా మొదటి రోజే కొంటాను.

మా అక్క కొడుకు ఇప్పుడు సెలవులకు కడప వచ్చినప్పుడల్లా నా కంప్యూటర్‌లో స్టార్‌డ్యూ ఆడుతున్నాడు. పొలానికి తన ఊరి పేరే పెట్టుకున్నాడు. రెండవ ఏడాది వేసవిలో ఉన్నాడు, నారింజ మొక్క పక్కన గడిలో రాయి ఉందని గమనించక పదకొండు రోజులు పోగొట్టుకున్నాడు. నిన్న రాత్రి ఆ రాయి తీసివేసి, చెట్టు కావడానికి ఇక ఇరవై ఎనిమిది రోజులు కావాలని గోడమీది క్యాలెండరులో గుర్తు పెట్టుకొని పడుకున్నాడు.