యూటా మట్టి రోడ్ల మీద ఫుల్ సైజ్ పికప్: ఎక్కడ హాయి, ఎక్కడ ఇబ్బంది

యూటా వెళ్దామనుకునే మనవాళ్లు చాలామంది అడిగేది ఇదే: ఇంట్లో ఉన్న పికప్ సరిపోతుందా, లేక అక్కడికెళ్లి జీప్ అద్దెకు తీసుకోవాలా? మేము టెక్సాస్ నుంచి మా ఫోర్డ్ ఎఫ్-150 పికప్ వేసుకుని మోయాబ్, క్యాపిటల్ రీఫ్, మెక్సికన్ హ్యాట్ అన్నీ చుట్టి వచ్చాం. సూటిగా చెప్తాను. ఇంత పెద్ద ట్రక్కుకి అక్కడ బలం ఎక్కడా తక్కువ పడదు, ఇబ్బంది పెట్టేది పొడవు. గతుకులు ఎన్నున్నా సరే, మలుపు కాస్త విశాలంగా ఉంటే పికప్ అంత హాయి ఇంకోటి లేదు. బండరాళ్ల మధ్య మెలికలు తిరిగే దారైతే మాత్రం మీ డ్రైవింగ్ ఎంత బాగున్నా లాభం లేదు.

మాది ఫోర్ బై ఫోర్, నాలుగు తలుపుల క్యాబ్, వెనక సామాను పెట్టే అయిదున్నర అడుగుల బెడ్. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య 145 అంగుళాలు. నాలుగు తలుపుల జీప్ రాంగ్లర్‌కి అదే 118. ఈ తేడా హైవే మీద తెలియదు గానీ, రాతి గట్టు దాటేటప్పుడు ముందు చక్రాలు దిగిపోయి వెనక చక్రాలు ఇంకా అవతలే ఉంటాయి చూడండి, అప్పుడు బండి పొట్ట కింద రాయి ఎంత దగ్గరగా ఉందో దిగి చూస్తేనే అర్థమవుతుంది. వెడల్పు అద్దాలు కాకుండా 80 అంగుళాలు, అద్దాలతో కలిపి దాదాపు 96. బయల్దేరే ముందు కంపెనీ టైర్లు తీసేసి ఎల్‌టీ (లైట్ ట్రక్) రకం ఆల్ టెరైన్ టైర్లు వేయించాం, మొత్తం ఖర్చులో నాకు బాగా గిట్టుబాటైంది ఇదే.

మొదట కాన్యన్‌ల్యాండ్స్ నేషనల్ పార్క్, అందులో ఐలాండ్ ఇన్ ద స్కై అనే భాగం వైపు. బండికి 30 డాలర్ల ఎంట్రీ, ఏడు రోజులు చెల్లుతుంది. విజిటర్ సెంటర్ దగ్గరే షేఫర్ ట్రయల్ మొదలవుతుంది, దీనికి వేరే పర్మిట్ అక్కర్లేదు. పైనుంచి చూస్తే కొండ గోడకి గీసిన గీతలా కనిపించి మా ఆవిడ "ఇందులో మన బండి పడుతుందా అసలు" అంది. పడుతుంది, ఎందుకంటే ఈ దారిని 1950లలో యురేనియం ఖనిజం మోసే ట్రక్కుల కోసం వెడల్పు చేశారు. ఎదురుగా బండి వస్తే పైకి ఎక్కేవాళ్లకే దారివ్వాలి, కాబట్టి దిగుతున్న మనమే వెడల్పు చోటు చూసుకుని ముందే ఆగాలి. ఫోర్ లో (నాలుగు చక్రాలకీ బలం ఎక్కువ, వేగం తక్కువ ఇచ్చే గేరు) వేసి, మొదటి గేర్‌లో పెట్టి, బ్రేకు మీద కాలు దాదాపు పెట్టకుండా దిగాం. వాన పడితే, మంచు ఉంటే మాత్రం అటు వెళ్లొద్దు. కింద నుంచి పొటాష్ రోడ్డు పట్టుకుంటే కొలరాడో నది వెంబడి మోయాబ్ చేరిపోవచ్చు. ఒక్క రోజే టైముంటే నేను చెప్పేది ఈ చుట్టే.

అదే పార్కులోని వైట్ రిమ్ రోడ్డు వేరే సంగతి. వంద మైళ్ల మట్టి రోడ్డు, పగలు వెళ్లి రావడానికైనా, రాత్రి ఉండడానికైనా పర్మిట్ ఉండాలి. వసంతంలో, అక్టోబర్‌లో క్యాంప్‌సైట్లు దొరకాలంటే నెలల ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి. లో రేంజ్, అంటే ఆ ఫోర్ లో గేరు ఉన్న ఫోర్ బై ఫోర్‌నే రానిస్తారు, ఆల్ వీల్ డ్రైవ్ ఎస్‌యూవీలు కుదరవు. దారిలో నీళ్లు లేవు, పెట్రోలు లేదు, ఫోన్ సిగ్నల్ ఆశ పెట్టుకోవద్దు. అందుకే ఇది పికప్ కోసమే పుట్టిన రోడ్డు అంటాను. మనిషికి రోజుకి కనీసం ఒక గ్యాలన్ నీళ్లు, ఐస్ పెట్టె, స్టవ్, టెంటు, స్పేర్ టైరు, పిల్లల సామాను, ఇవన్నీ జీప్‌లో ఒకదాని మీద ఒకటి కుక్కాలి. మాకు బెడ్‌లో అన్నీ పెట్టాక కూడా పడుకునేంత చోటు మిగిలింది. పైగా ఖాళీ పికప్ వెనక భాగం తేలిక, గతుకుల మీద ఎగిరెగిరి పడుతుంది. నీళ్ల డబ్బాలు యాక్సిల్‌కి ముందుగా, క్యాబ్‌కి ఆనించి కట్టేసరికి బండి నిలకడగా నడిచింది. డ్రైవర్ తలుపు పక్కన స్టిక్కర్ మీద ఎంత బరువు మోయొచ్చో రాసి ఉంటుంది, మనుషుల బరువు కూడా అందులోనే లెక్క.

టైర్లలో గాలి తగ్గించడం గురించి గట్టిగా చెప్పాలి. హైవే మీద 35 పీఎస్ఐ ఉండేది మట్టి రోడ్డు మొదట్లోనే 24కి దించాం. రేకు మడతల్లా ఉండే ఆ గతుకుల మీద తేడా మొదటి మైలులోనే తెలిసింది, అప్పటిదాకా డాష్‌బోర్డు గలగలలాడుతుంటే వెనక సీట్లో పిల్లలు చెవులు మూసుకున్నారు, ఆ తర్వాత మామూలుగా మాట్లాడుకుంటూ వెళ్లాం. మళ్లీ నింపడానికి సిగరెట్ లైటర్‌కి తగిలించే చిన్న కంప్రెసర్ మన టైరు సైజుకి చాలదు, బ్యాటరీకి క్లిప్పులు పెట్టే రకం తీసుకోండి.

వైట్ రిమ్ మీద మర్ఫీ హాగ్‌బ్యాక్ అనే గుట్ట ఎక్కడం నిటారుగా ఉంటుంది, పై అంచుకి చేరేటప్పుడు బానెట్ తప్ప ముందు ఇంకేమీ కనిపించదు. పెద్ద బండికి ఇది నిజమైన ఇబ్బంది. మా ఆవిడ దిగి ముందు నడుస్తూ చేత్తో సైగలు చేసింది, ముందు కెమెరా ఉన్నా ఎర్ర దుమ్ము పట్టి పనికిరాలేదు. పైన ఉన్న క్యాంప్‌సైట్ మాత్రం ఈ యాత్ర మొత్తంలో నాకు నచ్చిన బస. టాయిలెట్ ఉంది, అంతకుమించి ఏ సదుపాయమూ లేదు, చలిమంట వేయనివ్వరు. టెయిల్‌గేట్ (బెడ్ వెనక తలుపు) దించి దానిమీదే వంట, దానిమీదే భోజనం. బెడ్ మీద కవర్ ఉన్నా టెయిల్‌గేట్ సందులోంచి దుమ్ము లోపలికి దూరి బియ్యం సంచి మీద కూడా ఎర్రటి పొర కట్టింది. ఆ సందుకి అతికించే రబ్బరు సీల్ దొరుకుతుంది, ముందే వేయించుకోండి. అదే రోడ్డు మీద హార్డ్‌స్క్రాబుల్ అనే చోట దారి సన్నం, మలుపు అవతల ఏముందో కనిపించదు, అక్కడ అద్దాలు మడిచి వెళ్లాం.

ఈ పార్కు లోపలి నుంచి బండి లాగించుకోవాలంటే మామూలుగానే వెయ్యి డాలర్లు దాటుతుంది, పార్కు వాళ్లే హెచ్చరిస్తారు. మాకు అంత అవసరం పడలేదు గానీ పొటాష్ రోడ్డు మీద పదునైన రాయి తగిలి వెనక టైరు పక్క గోడ చీలింది. పికప్‌లో స్పేర్ టైరు బెడ్ కింద వేలాడుతుంటుంది, బంపర్ దగ్గరున్న చిన్న రంధ్రంలోకి రాడ్ పెట్టి తిప్పితే కిందకి దిగుతుంది. ఆ రంధ్రం నిండా మట్టి గడ్డకట్టి ఉంటే టెంటు మేకుతో గీకి తీయాల్సి వచ్చింది. బయల్దేరే ముందు ఇంటి దగ్గరే ఒకసారి దించి చూసుకుంటే చాలా టెన్షన్ తప్పుతుంది. మోయాబ్‌లో మొదట వెళ్లిన టైర్ షాపులో మన సైజు ఉందని ఫోన్‌లో చెప్పి, తీరా వెళ్లాక రేపు రమ్మన్నారు, రెండో షాపులో గంటలో పని అయిపోయింది. మోయాబ్ చిన్న ఊరు, దాదాపు అయిదు వేల జనాభా, కాబట్టి మీ టైరు సైజు అందరి దగ్గరా ఉంటుందనుకోవద్దు.

ఇక మోయాబ్‌లో బస. ఈస్టర్ ముందు వారం అస్సలు వద్దు, 1967 నుంచి జరుగుతున్న ఈస్టర్ జీప్ సఫారీకి ఊరంతా నిండిపోతుంది. మేము ఒక మోటెల్‌లో దిగితే గదులు శుభ్రంగానే ఉన్నాయి గానీ పార్కింగ్ గీతల్లో మా బండి ముక్కు, తోక రెండూ బయటే, పక్క బండి వాళ్లతో మాట పడాల్సి వచ్చింది. బుక్ చేసే ముందు ఫోన్ చేసి ట్రక్కులకి చోటుందా అని అడగండి. నా ఓటు హైవే 128 పక్కన నది ఒడ్డునున్న ప్రభుత్వ క్యాంప్‌గ్రౌండ్లకే, రాత్రికి 20 డాలర్లు, ముందొచ్చిన వాళ్లకే చోటు, కాబట్టి పొద్దున్నే వెళ్లాలి. నీళ్లు మనమే తీసుకెళ్లాలి.

కాన్యన్‌ల్యాండ్స్‌లోనే నీడిల్స్ అనే భాగం వైపున్న ఎలిఫెంట్ హిల్ దారికి మాత్రం పికప్‌తో వెళ్లకండి. అక్కడ ఒక మలుపు ఎంత ఇరుకంటే ముందుకు తిప్పడం కుదరక కొంత దూరం వెనక్కి నడిపించాలి, ఇంకో చోట రెండు రాతి గోడల మధ్యలోంచి దూరాలి. ట్రయల్ మొదట్లో బండి ఆపి చెస్లర్ పార్క్ వైపు నడిచాం, చక్కటి నడక. మోయాబ్ దగ్గర హెల్స్ రివెంజ్ అనే బండల దారి చూడాలని పిల్లలు పట్టుబడితే దానికి ఊళ్లో జీప్ అద్దెకు తీసుకున్నాం, రోజుకి 200 డాలర్లు దాటింది, ఆ నిటారు బండల మీద అది చేసిన పని చూశాక డబ్బు దండగ అనిపించలేదు. కానీ అద్దె కాగితాల్లో ఏ దారులకి అనుమతి ఉందో చదువుకోండి, మామూలు కార్ల కంపెనీలవైతే మట్టి రోడ్డు ఎక్కితేనే సాధారణంగా ఇన్సూరెన్స్ వర్తించదు.

క్యాపిటల్ రీఫ్ నేషనల్ పార్క్‌లో కథీడ్రల్ వ్యాలీ చుట్టు దాదాపు 58 మైళ్లు, జనం బాగా తక్కువ. మొదట్లోనే ఫ్రీమాంట్ నదిలోకి బండి దింపాలి, వంతెన లేదు. మేము వెళ్లినప్పుడు నీళ్లు చక్రం సగానికి రాలేదు, అయినా ముందు కర్రతో లోతు చూసి, ఆగకుండా నెమ్మదిగా దాటాం. ముందే విజిటర్ సెంటర్‌లో రోడ్డు పరిస్థితి అడగడం తప్పనిసరి, ఎందుకంటే అక్కడి బెంటనైట్ అనే బంకమట్టి తడిస్తే టైర్లకి అంటుకుపోయి ఎంత ఫోర్ బై ఫోర్ అయినా జారుతుంది, బండి బరువెక్కువైతే ఇంకా కష్టం. లోపల ఆరు సైట్ల క్యాంప్‌గ్రౌండ్ ఉంది, ఉచితం, నీళ్లుండవు. స్నానాలు కావాలంటే దగ్గర్లోని టోరీ ఊళ్లో గది తీసుకోండి, మోయాబ్ కన్నా ప్రశాంతం, ట్రక్కు నిలపడానికి బోలెడు చోటు.

తిరుగు దారిలో మెక్సికన్ హ్యాట్ వైపు వ్యాలీ ఆఫ్ ద గాడ్స్ మట్టి రోడ్డు 17 మైళ్లు, ఆ పక్కనే మోకీ డగ్‌వే. మూడు మైళ్ల మట్టి ఘాట్ రోడ్డు, 11 శాతం ఎక్కుడు, 28 అడుగులు దాటిన బండ్లు వద్దని సలహా ఇస్తారు. మన పికప్ 20 అడుగుల లోపే, పడవో ట్రెయిలరో వెనక తగిలిస్తేనే చిక్కు. ఇదీ 1958లో యురేనియం ట్రక్కుల కోసం తవ్విందే, పొడి వాతావరణంలో ఫోర్ హై (మామూలు వేగానికి నాలుగు చక్రాల గేరు) కూడా అక్కర్లేకుండా ఎక్కేశాం. ఇటు రావాలనుకుంటే బ్లఫ్ అనే ఊళ్లో ట్యాంకు నింపుకుని, రాత్రికి అక్కడే ఉండి, ఎండ ముదరకముందు వ్యాలీ ఆఫ్ ద గాడ్స్, ఆ తర్వాత డగ్‌వే చేసుకోండి. పిల్లలకి తల తిరిగే అలవాటుంటే కింది నుంచి పైకి ఎక్కడమే మేలు.