బ్యాడ్జీల లెక్క పక్కన పెట్టి కొలరాడో వెళ్ళాం: మా స్కౌట్ ట్రూప్ సమ్మర్ క్యాంపు మార్చిన సంగతి

పిల్లలు స్కౌట్స్‌లో ఉన్నవాళ్ళు, ముఖ్యంగా డాలస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ళు, వచ్చే వేసవి క్యాంపుకి డిపాజిట్ కట్టేముందు ఇది ఒకసారి చదవండి. మా ట్రూప్ ఏళ్ళ తరబడి టెక్సాస్‌లోనే ఒకే క్యాంపుకి వెళ్తూ వచ్చింది. ఈ జూలైలో దాన్ని వదిలి కొలరాడోలో లేక్ జార్జ్ దగ్గరున్న క్యాంప్ అలెగ్జాండర్‌కి వెళ్ళాం. ఆ మార్పు కోసం ఎంత పోరాడాల్సి వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, కానీ పిల్లలు తిరిగొచ్చిన తీరు చూశాక ముందే ఎందుకు వెళ్ళలేదా అనిపించింది.

పాత క్యాంపు పేరు రాయను. ఇంటి నుంచి మూడు గంటల డ్రైవ్, ఫీజు 410 డాలర్లు, ఆదివారం మధ్యాహ్నం దింపేసి శనివారం పొద్దున తెచ్చుకోవచ్చు. తల్లిదండ్రులకి అంతకంటే సుఖం ఏముంటుంది? కానీ వారమంతా అక్కడ ఉండేది పిల్లలు. జూన్ నెలాఖరు, పగలు 102 డిగ్రీల ఫారెన్‌హీట్, రాత్రి పదకొండు దాటినా టెంటు గుడ్డ చల్లబడదు, పిల్లలు తడి టవల్ మొహం మీద వేసుకుని పడుకుంటారు. పోనీ ఎండకి సర్దుకుందాం, టెక్సాస్‌లో పెరిగిన పిల్లలే. నాకు కడుపు మండింది తిండి దగ్గర. మా ట్రూప్‌లో తొమ్మిది మంది శాకాహారులున్నారని ఏప్రిల్‌లోనే ఫారంలో రాసి పంపాం, అన్నీ చూసుకుంటామని ఈమెయిల్ కూడా వచ్చింది. తీరా పిల్లలకి తోడుగా మేం కొందరు పెద్దలం వెళ్ళాక మొదటి రాత్రి డైనింగ్ హాల్లో వెజిటేరియన్ ఏదని అడిగితే లెట్యూస్ ఆకులు, తురిమిన చీజ్ ఉన్న గిన్నెలు చూపించారు. మర్నాడు బీన్స్ పెట్టారు, హమ్మయ్య అనుకున్నాం, గరిటె పెడితే అడుగున బేకన్ ముక్కలు. ‘ఏరి పక్కన పెట్టుకోండి’ అంది కౌంటర్ వెనకున్నావిడ. పదకొండేళ్ళ పిల్లాడు ప్లేటు పట్టుకుని నా మొహంలోకి చూసి ‘అంకుల్, ఇది తినొచ్చా?’ అని అడిగాడు. ఆ వారమంతా వాళ్ళు పీనట్ బటర్ శాండ్‌విచ్‌ల మీదే బతికారు. ఫీజు మాత్రం అందరితో సమానంగా పూర్తిగా తీసుకున్నారు, తర్వాత రాసిన ఉత్తరానికి జవాబు కూడా లేదు.

ఇంకో బాధ బ్యాడ్జీలది, అంటే ఒక్కో విద్య నేర్చుకున్నందుకు పిల్లలకిచ్చే మెరిట్ బ్యాడ్జీలది. ఫస్ట్ ఎయిడ్ క్లాసంటే ఒక షెడ్డు కింద నలభై మంది పిల్లలు, ముందర పదహారేళ్ళ కుర్రాడొకడు చిన్న పుస్తకం తెరిచి చదువుతుంటాడు. శుక్రవారానికి అందరి బ్లూ కార్డుల మీదా (బ్యాడ్జీ పని పూర్తయిందని రాసే కార్డులు) సంతకాలు పడిపోతాయి. మావాడు ఆ బ్యాడ్జీ కుట్టించుకుని ఇంటికొచ్చాక చెయ్యి విరిగినవాడికి స్లింగ్ ఎలా కడతావో చూపించరా అంటే మెడలో స్కార్ఫ్ తీసి అటూ ఇటూ తిప్పి, ‘క్లాసులో చూపించలేదు నాన్నా’ అన్నాడు. వాడి తప్పేం లేదు, చెప్పినవాళ్ళు లేరు. స్కౌట్స్‌లో అన్నిటికంటే పై మెట్టు ఈగిల్, దానికి 21 బ్యాడ్జీలు కావాలి కాబట్టి సమ్మర్ క్యాంపులో ఆరేడు లాగేయాలన్న ఆత్రం మన తల్లిదండ్రుల్లో బాగా ఉంది. క్యాంపుల వాళ్ళకీ ఆ సంగతి తెలుసు, అందుకే అలా అచ్చు గుద్దినట్టు ఇచ్చేస్తారు.

క్యాంపు మారుద్దామని పేరెంట్స్ కమిటీలో అడిగితే వరసగా మూడు అభ్యంతరాలు: దూరం, ఖర్చు, బ్యాడ్జీలు. స్కౌట్‌మాస్టర్ గారు మంచాయన, కానీ ఆ పాత క్యాంపులో ఆయనకి అందరూ పరిచయం, ప్రతి ఏడూ అదే క్యాంప్‌సైట్ ఆయన కోసం అట్టే పెడతారు. గుంటూరు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి (వాళ్ళబ్బాయీ మావాడూ ఒకే పెట్రోల్, అంటే ట్రూప్‌లో ఒకే చిన్న జట్టు) అందరి ముందూ నిలదీశారు. ‘ఏమండీ, మావాడు పోయినేడు ఆరు బ్యాడ్జీలు కొట్టాడు. మీరు చెప్పే చోట మూడే అంటున్నారు. ఈగిల్ లేటయితే కాలేజీ అప్లికేషన్‌కి ఎవరండీ బాధ్యత?’ పదకొండేళ్ళకి చేరిన పిల్లాడికి పద్దెనిమిది నిండేదాకా టైముందనీ, ఏడాదికి మూడు చొప్పున నిజంగా నేర్చుకున్నా సరిపోతుందనీ చెప్పాను. ఆయన వినలేదు. ఇంకో పిల్లాడి తల్లి ఫోన్ చేసి ‘అన్నయ్యా, అక్కడ ఎలుగుబంట్లు ఉంటాయట కదా, మావాడికి నిద్రలో నడిచే అలవాటు’ అంది. ఆవిడ భయం నాకర్థమైంది, ఆ పిల్లాడి టెంటు మా టెంటు పక్కనే వేయిస్తానని మాటిచ్చాను, వేయించాను కూడా.

మీరూ మీ ట్రూప్‌ని ఒప్పించాలనుకుంటే ఒక మాట చెప్తాను, పెద్దవాళ్ళతో వాదించి టైము వేస్ట్ చేసుకోకండి. స్కౌట్స్‌లో కార్యక్రమాలు వేసుకోవాల్సింది పిల్లలే, వాళ్ళ పెట్రోల్ లీడర్స్ కౌన్సిల్ ఉన్నదే అందుకు, పెద్దలం ఆ పని లాగేసుకుని మన సౌకర్యం చూసుకుంటున్నాం. మా ఎస్‌పీఎల్ (సీనియర్ పెట్రోల్ లీడర్) పదిహేనేళ్ళ కుర్రాడు. వాడికి క్యాంప్ అలెగ్జాండర్ వివరాలూ, ఇంకో రెండు క్యాంపులవీ ఇచ్చి ఊరుకున్నాను. సెప్టెంబరు మీటింగులో వాడు బొమ్మలేమీ చూపించలేదు. ఒక్కొక్కణ్ణీ ఒకటే ప్రశ్న అడిగాడు: పోయిన వేసవి క్యాంపులో నీకు గుర్తున్నదొక్కటి చెప్పు. ఒకడు పడవల పోటీ అన్నాడు, ఒకడు గాలివానకి టెంటు కూలిన రాత్రి అన్నాడు, ఇద్దరు ఎండ అన్నారు, మావాడు బేకన్ బీన్స్ అన్నాడు. బ్యాడ్జీ పేరు ఒక్కడి నోట్లోనూ రాలేదు. వెనక కుర్చీలో కూర్చున్న స్కౌట్‌మాస్టర్ గారు అదంతా విన్నారు. ఓటింగులో కొలరాడో నెగ్గింది, ఆయన ఆ వారమే డిపాజిట్ కట్టేశారు.

ఇక ప్రయాణం. పద్నాలుగు మంది పిల్లలు, ఐదుగురు పెద్దలం, రెండు పన్నెండు సీట్ల వ్యాన్లు, వెనక ట్రెయిలర్. డాలస్ నుంచి 287 హైవే పట్టుకుని విచిటా ఫాల్స్, అమరిల్లో, డాల్‌హార్ట్, న్యూ మెక్సికోలో క్లేటన్, రాటన్ పాస్ ఎక్కి కొలరాడో స్ప్రింగ్స్, అక్కడి నుంచి 24 హైవే మీద పడమటికి. మొత్తం ఎనిమిది వందల మైళ్ళకి కాస్త అటూ ఇటూ. గుంటూరు పెద్దమనిషి కూడా వచ్చారు, కొడుకుని ఒంటరిగా పంపలేక. అమరిల్లో దాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు తప్ప మాట్లాడితే ఒట్టు.

అమరిల్లోలో హైవే పక్క మోటెల్లో ఆరు గదులు, ఒక్కోటి 94 డాలర్లు, రెండు నెలల ముందే కార్డు మీద బుక్ చేశాను. రాత్రి పది దాటాక చేరితే కౌంటర్‌లో కుర్రాడు కంప్యూటర్ వంక చూసి ‘నాలుగే ఉన్నాయి’ అన్నాడు. మిగతా రెండూ ఎవరికో ఇచ్చేశారు. పిల్లల్ని ఆరుగురేసి సర్దెయ్యండి అని సలహా కూడా ఇచ్చాడు. సర్దడానికి ఇదేం పెళ్ళి విడిది కాదు, స్కౌట్ నియమం ప్రకారం పెద్దవాళ్ళు తమ సొంత పిల్లలతో తప్ప వేరే పిల్లలతో ఒకే గదిలో పడుకోకూడదు, రెండు గదులు తగ్గితే మా లెక్క మొత్తం తారుమారవుతుంది. నాకు టెన్షన్‌తో మాట పెగల్లేదు. అప్పుడు లేచారండీ ఆ గుంటూరు ఆయన. కన్ఫర్మేషన్ కాగితం కౌంటర్ మీద పెట్టి, గొంతు పెంచకుండా, మేనేజర్ నంబరు ఇచ్చేదాకా కదల్లేదు. మేనేజర్‌ని నిద్ర లేపి, పక్క మోటెల్లో రెండు గదులు వాళ్ళ చేతే వెతికించారు. ఒక్కోటి 119. ఆ పైన పడ్డ 50 డాలర్లు వెనక్కిస్తామన్నారు, ఇవ్వలేదు, కార్డు కంపెనీకి ఫిర్యాదు చేస్తే ఆగస్టులో వచ్చాయి. పన్నెండున్నరకి పిల్లలు పడుకున్నారు. పొద్దున వ్యాన్ ఎక్కేసరికి పెద్దమనిషి మొహం విప్పారింది, పిల్లలందరూ ఆయన్ని హీరోని చూసినట్టు చూస్తున్నారు మరి. మీరు వెళ్తే మోటెల్ జోలికి పోకండి. తిరుగు ప్రయాణంలో స్కౌట్‌మాస్టర్ గారు డాల్‌హార్ట్‌లో ఒక చర్చి హాలు మాట్లాడారు, నేల మీద స్లీపింగ్ బ్యాగులు, శుభ్రమైన బాత్‌రూములు, మేం ఇచ్చిన విరాళం 100 డాలర్లు. స్కౌట్ ట్రూప్‌లకి చర్చిలు చాలాచోట్ల ఇలా ఇస్తాయి, ముందే ఫోన్ చేసి అడగాలి.

క్యాంపు చుట్టూ పైన్ చెట్లు, గులాబీ రంగు గ్రానైట్ రాళ్ళు. దాదాపు ఎనిమిది వేల అడుగుల ఎత్తు. మొదటి సాయంత్రం ఇద్దరు పిల్లలకి తలనొప్పి పట్టుకుంది, నీళ్ళు తాగించి పడుకోబెడితే పొద్దుటికి తగ్గింది. ఆస్తమా ఉన్న పిల్లలుంటే మెడికల్ ఫారం రాయించేటప్పుడే ఎత్తు సంగతి డాక్టర్‌కి చెప్పండి. రాత్రి చలికి రెండు దుప్పట్లు చాలలేదు, జూలైలో! మధ్యాహ్నం రెండయ్యేసరికి ఉరుములు, వాన, గంటలో మళ్ళీ ఎండ.

తిండి విషయంలో ఈసారి ఎవర్నీ నమ్మలేదు. క్యాంపు వాళ్ళకి ముందే రాసి, శాకాహారుల కోసం మా సామాను మేమే తెచ్చుకుంటామని ఒప్పించాం. ప్రొపేన్ స్టవ్ రెండు, బియ్యం, కందిపప్పు, చింతపండు, పోపు డబ్బా, ఆవకాయ. మేమున్న వారం కట్టెల మంటలు నిషేధం, మీట తిప్పి ఆర్పేసే స్టవ్‌కి మాత్రం అభ్యంతరం లేదు. మొదటి రోజు పిల్లలు పప్పు మామూలు గిన్నెలో పెట్టారు. గంట దాటింది, నీళ్ళు మాత్రం తెర్లుతున్నాయి, వేలితో నొక్కితే పప్పు బద్ద బద్దలాగే ఉంది. అంత ఎత్తులో నీళ్ళు 92 డిగ్రీల సెల్సియస్‌కే మరిగిపోతాయి, ఆ వేడికి కందిపప్పు ఎక్కడ మెత్తబడుతుంది? పెద్దమనిషి ట్రెయిలర్‌లోంచి కుక్కర్ తీశారు. ఇంట్లో మూడు విజిల్స్ చాలు, అక్కడ ఆరు పట్టాయి. మెత్తగా మెదిపి, ఎండుమిరపకాయ, ఇంగువ తాలింపు పెట్టేసరికి పక్క పెట్రోల్‌లో అమెరికన్ పిల్లలు కూడా ప్లేట్లు పట్టుకుని నిలబడ్డారు. మర్నాటి నుంచి కుక్కర్ డ్యూటీకి పిల్లలే వంతులు వేసుకున్నారు, ఎందుకు ఆరు విజిల్సో కొత్తగా వచ్చినవాడికి వాళ్ళే చెప్తున్నారు. వాసనొచ్చేది ఏదీ టెంట్లో ఉండకూడదు, ఎలుగులొస్తాయి, టూత్‌పేస్ట్ కూడా లోపల ఉంచనివ్వరు. కాబట్టి రోజూ రాత్రి ఆవకాయ సీసా కూడా ట్రెయిలర్‌లో తాళం కింద.

బ్యాడ్జీలు? మావాడికి వచ్చినవి రెండే, క్లైంబింగ్, వైల్డర్‌నెస్ సర్వైవల్. రెండో దానికి పిల్లాడు కొమ్మలూ ఆకులతో తనే గూడు కట్టుకుని అందులో ఒక రాత్రి పడుకోవాలి. పొద్దున జుట్టు నిండా పైన్ ఆకులతో వచ్చి, గాలి ఎటు వీస్తుందో చూసుకోకుండా వాకిలి పెట్టకూడదని వాళ్ళమ్మకి ఫోన్లో పాఠం చెప్పాడు. నిద్రలో నడిచే పిల్లాడు కూడా ఒక రాత్రి బయటే పడుకున్నాడు, ఎక్కడికీ నడవలేదు.

తిరిగి వస్తూ దగ్గర్లోనే ఫ్లోరిసాంట్ ఫాసిల్ బెడ్స్ చూశాం, తప్పకుండా ఆగండి. మూడు కోట్ల నలభై లక్షల ఏళ్ళ కిందటి రెడ్‌వుడ్ చెట్ల మొదళ్ళు రాయిగా మారి నిలబడి ఉన్నాయి. క్లేటన్ దగ్గరికి రాకముందు కపులిన్ అగ్నిపర్వతం, కొండ చుట్టూ తిరిగే రోడ్డు మీద కారులోనే పైదాకా వెళ్ళొచ్చు, కానీ ట్రెయిలర్ ఉంటే కిందే వదలాలి. కొలరాడో స్ప్రింగ్స్‌లో ఎర్ర రాళ్ళ పార్కు గార్డెన్ ఆఫ్ ది గాడ్స్ ఉచితం, బాగుంది, జనం విపరీతం.

మొత్తం ఖర్చు తలకి 865 డాలర్లు, క్యాంపు ఫీజు, వ్యాన్లు, పెట్రోలు, బస, దారిలో తిండి అన్నీ కలిపి. పాతదానికి రెట్టింపు పైనే, దాచను. అందులో 100 చొప్పున పాప్‌కార్న్ అమ్మిన డబ్బులోంచి ట్రూప్ భరించింది, ఇబ్బంది ఉన్న రెండు కుటుంబాలకి ఇంకా ఎక్కువ. డబ్బు కుదరదనుకుంటే ఏడాది విడిచి ఏడాది వెళ్ళండి, మధ్యలో ఏడు దగ్గరి క్యాంపుకే పొండి, కానీ అక్కడికి కూడా మీ స్టవ్, మీ బియ్యం పట్టుకెళ్ళండి. వచ్చే ఏటికి మా పిల్లలు న్యూ మెక్సికో అంటున్నారు, గుంటూరు పెద్దమనిషి ఇప్పటికే అయిదు లీటర్ల కుక్కర్ ఇంకొకటి కొన్నారు. మీకు కొలరాడో కావాలంటే అక్టోబరులోపు స్లాట్ అడగండి, ఆలస్యం చేస్తే జూలై వారాలు దొరకవు.